పాత చీరలే కదా అన్నారు

(కర్నూలులో ఒక మహిళా సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించుతావా నాయనా? ఆ, చాలు.

ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నలుగురిలో మాట్లాడమంటే భయం లేదు. కానీ ఈ రోజు మాటల కంటే ముందు మీకొకటి చూపించాలి. ఇదిగో, ఈ గుడ్డముక్క. పదిన్నర అంగుళాల చదరం. తెల్లటి నేత చీరలోంచి కత్తిరించింది. ఈ మూల గులాబీ రంగు మరక కనిపిస్తోంది కదా, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు వరసలో ఉన్నవాళ్ళు దీన్ని చేతిలోకి తీసుకుని, వేళ్ళతో తడిమి చూసి, పక్కవాళ్ళకు ఇవ్వండి. చివరి వరస దాకా పోనివ్వండి.

మేం తొమ్మిది మంది స్నేహితురాళ్ళం కలిసి చేత్తో ఒక బొంత కుట్టాం. దాన్ని వేలం వేసి, వచ్చిన డబ్బుతో క్యాన్సర్ వైద్యానికి పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళ కోసం ఒక గది అద్దెకు తీసుకున్నాం. జరిగింది ఇదే. కానీ ఆ బొంత కుడుతూ ఉన్న నెలల్లో చేతి పని గురించి, దాని వెల గురించి, ఆ వెల అడగడానికి మనం పడే మొహమాటం గురించి నాకు కొన్ని తెలిసొచ్చాయి. అవి మీతో చెప్పుకోవాలని వచ్చాను.

మా జేజిది, అంటే మా నాయనమ్మది, ఆలూరు వైపు పల్లె. నల్లరేగడి నేల, పత్తి పంట. అంత పత్తి పండించే ఇంట్లో దూదితో కుట్టిన పరుపు ఒక్కటి కూడా ఉండేది కాదు. పత్తంతా ఆదోని మార్కెట్టుకు పోయేది. ఇంట్లో పరుచుకోవడానికైనా కప్పుకోవడానికైనా బొంతే. ఎండాకాలం మిద్దె మీద కింద పరుచుకునేవాళ్ళం, చలికాలం పడసాలలో పైన కప్పుకునేవాళ్ళం. చీర చిరిగిందంటే జేజి పారేసేది కాదు. అంచు ఒక పక్కకు, కొంగు ఒక పక్కకు తీసి, బాగున్న నడిమి భాగం మడిచి పెట్టెలో పెట్టేది. నాలుగైదు చీరలు, తాత పంచె ఒకటి జమ అయ్యాయంటే బొంత పని మొదలైనట్టే. పడసాలలో నేల కడిగి ఆరబెట్టి, గుడ్డలు పొరలు పొరలుగా పరిచి, నలుగురు ఆడవాళ్ళు నాలుగు పక్కలా కూర్చునేవాళ్ళు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ, లోపలికి లోపలికి కుట్టుకుంటూ పోయేవాళ్ళు. ఆఖరికి నలుగురి తలలూ నడుమ కలిసేవి.

ఇలాంటి పని చాలా చోట్ల ఉంది. మన సరిహద్దు దాటి ఉత్తర కర్ణాటకలోకి పోతే దీన్నే కౌది అంటారు. మహారాష్ట్రలో గోధడి. బెంగాల్లో కాంథా. కార్వారు వైపు అడవుల్లో ఉండే సిద్దీ ఆడవాళ్ళు కూడా మా జేజిలాగే అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి కుడతారు. నాలుగు మూలల్లోనూ గుడ్డను పువ్వులా మడిచి ఒక చిన్న ముక్క పెడతారు. అది లేకపోతే బొంతకు నిండుదనం రాదని వాళ్ళ నమ్మకం.

మన తెలుగులో మాత్రం బొంత అనే మాటకు మర్యాద లేదు. ఏ పని అయినా సరిగ్గా కుదరకపోతే "అతుకుల బొంత" అంటాం. పార్టీలు నాలుగు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే అతుకుల బొంత అని రాస్తారు. "గంతకు తగ్గ బొంత" అన్నా మెచ్చుకోలు కాదు. ఈ మాటలు బడిలో నేనే పిల్లలకు నేర్పాను, సొంత వాక్యాలు రాయించాను. నా చేత్తో బొంత కుట్టాకే అందులో తప్పు తెలిసింది. అతుకు దగ్గర రెండు గుడ్డలు, రెండు మడతలు, రెండు వరసల దారం ఉంటాయి. మా ఇంట్లో చిరిగిన బొంతలన్నీ ముక్క నడుమ చిరిగినవే. అతుకు దగ్గర చిరిగినది నేను ఒక్కటి కూడా చూడలేదు.

2009 అక్టోబరు 2. ఈ హాల్లో ఉన్న కర్నూలువాళ్ళకు ఆ తేదీ చెబితే చాలు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చిన రోజు. పాత ఊళ్ళో మా చిన్నమ్మ వాళ్ళ ఇల్లు పైకప్పు దాకా మునిగింది. నీళ్ళు తీసేశాక బురద ఎత్తిపోయడానికి పోయాం. టీవీ పోయింది, ఫ్రిజ్ పోయింది, బీరువాలో పట్టుచీరలు బురదకు మగ్గి చేత్తో పట్టుకుంటే ఊడొచ్చాయి. మూలన బొంతలు ఉన్నాయి. నీళ్ళు పీల్చి ఎంత బరువెక్కాయంటే ఒక్కో బొంతను ముగ్గురం పట్టి బయటికి ఈడ్చాం. నాలుగుసార్లు ఉతికి, గోడ మీద వేస్తే మూడు రోజులకు ఆరాయి. ఆ ఇంట్లో మళ్ళీ వాడుకున్న బట్ట అదొక్కటే. అందులో ఒకటి మా జేజి కుట్టినది. మా చిన్నమ్మ దాని మీద కూర్చుని ఆ రోజు మొదటిసారి ఏడ్చింది. అంతవరకూ ఏడవడానికి కూడా ఆమెకు తీరిక దొరకలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా తొమ్మిది మందిలో ఒకామెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాతో పాటు ఒకే బడిలో పన్నెండేళ్ళు పని చేసింది. ఆపరేషన్ అయ్యింది, మందులు ఎక్కించడం అయ్యింది, రేడియేషన్ మొదలైంది. రేడియేషన్ ఎట్లా ఉంటుందో తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పోవాలి. కొందరికి మూడు వారాలు, కొందరికి ఐదు, ఆరు వారాలు. మిషన్ కింద పడుకునేది పది, పదిహేను నిమిషాలే. కానీ నడుమ మానకూడదు. మా స్నేహితురాలి ఇల్లు కర్నూలులోనే, బి క్యాంపులో. ఆటో ఎక్కితే సరిపోయేది. మేం వంతులు వేసుకుని ఆమె వెంట పోయేవాళ్ళం.

ఆసుపత్రిలో రోజూ ఒకామె కనిపించేది. ఆస్పరి దాటి లోపలికి పోతే వాళ్ళ ఊరు. రోజూ పోయి రావాలంటే అయ్యే పని కాదు. అందుకని వరండాలోనే ఒక చాప వేసుకుని, భర్త, ఆమె, ఒక స్టీలు క్యారియరు. వైద్యం కార్డు మీద ఉచితమే. గది అద్దెకు ఏ కార్డూ లేదు. శని, ఆదివారాలు ఊరికి పోయొచ్చు కదా అన్నాను. "పోయి రావడానికి ఒంట్లో సత్తువ యాడుందమ్మా" అంది.

రేడియేషన్ పడిన చోట చర్మం కమిలి, ఎండ తగిలినట్టు నల్లబడుతుంది. గుడ్డ రాసుకుంటే మంట. అందుకే వదులుగా ఉండే మెత్తటి నూలు బట్టలు కట్టుకోమంటారు. ఆమె ఒంటి మీద నైలాన్ చీర. రవిక కూడా అట్లాంటిదే. మా స్నేహితురాలు మరుసటి రోజు తన పాత నేత చీరలు రెండు తెచ్చి ఇచ్చింది. ఇరవై ఏళ్ళ చీరలు. ఉతికి ఉతికి వెన్నలా అయినవి. ఆ ఆస్పరి చెల్లెలు ఆ చీరను చెంపకు ఆనించుకుని, "మా అవ్వ బొంత లెక్క ఉంది" అంది.

ఆ మాట పట్టుకునే మేం మొదలుపెట్టాం. 

తలా రెండు వేలు వేసుకుని ఇచ్చేసి ఉండొచ్చు కదా అని మా ఆయనే అడిగాడు. ఇచ్చి ఉండొచ్చు. ఒకసారి ఇచ్చేవాళ్ళం, తర్వాత మరిచిపోయేవాళ్ళం. వరండాలో పడుకున్న ఆడవాళ్ళ సంగతి మా తొమ్మిది ఇళ్ళు దాటి బయటికి పోయేది కాదు. బొంత అయితే చూడటానికి వచ్చేవాళ్ళు ఉంటారు, ఎందుకు కుడుతున్నారని అడిగేవాళ్ళు ఉంటారు. అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పొచ్చు.

ఉగాది అయ్యాక ముక్కలు కత్తిరించడం మొదలుపెట్టాం. ఎండాకాలంలో చిన్న ముక్కల పని పెట్టుకున్నాం, ఎందుకంటే మన ఎండల్లో బొంత ఒళ్ళో వేసుకుని కుట్టడం ఎవరి వల్లా కాదు. పెద్ద పనికి ఆషాఢం దాకా ఆగాం. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పెళ్ళిళ్ళు పేరంటాలు ఉండవు. ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళు ఖాళీగా దొరికేది ఆ నెలలోనే. మా జేజి వాళ్ళు కూడా బొంతలకు ఈ కాలమే ఎంచుకునేవాళ్ళు. చిన్నప్పుడు చూశాను గానీ కారణం ఇప్పుడు అర్థమైంది.

అడ్డంగా ఎనిమిది, నిలువుగా తొమ్మిది. మొత్తం 72 ముక్కలు. తొమ్మిది మందికి తలా ఎనిమిది. ముక్క పదిన్నర అంగుళాలు. చుట్టూ పావు అంగుళం మడతకు పోతే పది. అంటే బొంత 80 అంగుళాలకు 90. ఇద్దరు హాయిగా కప్పుకోవచ్చు.

గుడ్డ విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాను. నూలుకు నూలే కలపండి. పాలిస్టర్, పట్టు కలిపితే చూడటానికి మెరుస్తుంది గానీ, ఒకటి ముడుచుకుంటుంది, ఇంకొకటి ముడుచుకోదు. రెండు ఉతుకులకే ఉబ్బెత్తుగా లేచిపోతుంది. మాలో ఆపా ఒకరున్నారు, వాళ్ళింట్లో రజాయిలు కుట్టే అలవాటు. లోపల దూది పెడదామని ఆమె అంది. ఒక ముక్కలో పెట్టి చూశాం. దగ్గర దగ్గరగా కుట్టకపోతే ఉతికినప్పుడు దూది ముద్దలు కడుతుంది. చివరికి లోపల రెండు పాత పంచెలే పరిచాం. ఆపా మాత్రం ఊరుకోలేదు. తన అమ్మ నూలు దుపట్టా తెచ్చింది. లేత ఆకుపచ్చ. దాంతో నాలుగు మూలల ముక్కలు పెట్టాం.

దారం మూరన్నర మించి తీయకూడదు. పొడుగు దారం అయితే మాటిమాటికీ సూదిలో ఎక్కించే పని తప్పుతుందని ఆశ పుడుతుంది, కానీ అది మెలిపడి ముడి వేసుకుంటుంది. దారాన్ని ఒకసారి కొవ్వొత్తి మీద లాగండి, చిక్కు పడదు. నాలుగు పొరల్లోంచి సూది తోయాలంటే వేలికి తొడుగు ఉండాలి. దర్జీలు అంగుస్తాన్ అంటారే, అది. మొదటి రెండు వారాలు అది లేకుండా కుట్టాను. నా నడిమి వేలు చివర గట్టిపడిపోయింది, ఇదిగో ఇప్పటికీ ఉంది. ముందు పొరలన్నీ కదలకుండా జానెడు జానెడు దూరంలో కచ్చా కుట్లు వేసి, అసలు కుట్టు పూర్తయ్యాక వాటిని తీసేయాలి. ఇది వదిలేస్తే అడుగు గుడ్డ ముడత పడుతుంది. అది మీకు ఆఖర్న గానీ తెలియదు.

ఇప్పుడు ఆ మరక. ఎక్కడిదాకా పోయింది ముక్క? నాలుగో వరసా? సరే.

మాలో ఒకామె కొత్త ఎర్రటి గుడ్డ తెచ్చింది. మంచి నూలు. కుంకుమ రంగు. పాత చీరల నడుమ అది దీపంలా ఉంటుందని అందరం మురిసిపోయాం. ఉతకకుండానే కత్తిరించి కుట్టేశాం. 72 ముక్కలూ కలిపాక, అడుగు గుడ్డ వేసే ముందు ఒకసారి నీళ్ళలో ముంచి తీశాం. ఆ సాయంత్రం మా ఇంటి దొడ్లో తొమ్మిది మందిమీ నోట మాట రాక నిలబడ్డాం. ఎరుపు పక్కనున్న తెల్ల ముక్కలు మూడింటికి రంగు పాకింది. అందులో ఒకటి మా స్నేహితురాలి చీర. రేడియేషన్‌కు పోయేటప్పుడు కట్టుకున్న చీరలోంచి కత్తిరించిన ముక్క.

తెచ్చినామె ఏడుపు ఆపుకోలేకపోయింది. మా స్నేహితురాలే ఆమె పక్కన కూర్చుని, "మళ్ళీ కత్తిరిద్దాం వదినా, చీర ఇంకా ఉంది, నేనూ ఉన్నాను" అంది. నేనూ ఉన్నాను అన్న మాట దగ్గర మేమంతా తలలు దించుకున్నాం.

మూడు తెల్ల ముక్కలు, రెండు ఎర్ర ముక్కలు విప్పాం. ఎరుపులో మిగిలినవాటిని చల్లటి నీళ్ళలో మళ్ళీ మళ్ళీ నానబెట్టి, తెల్ల రుమాలు అద్దితే రంగు అంటుకోని దాకా జాడించాం. చేతి కుట్టు విప్పడం కుట్టడం కంటే కష్టం. పెద్ద కత్తెర పెడితే గుడ్డ తెగుతుంది. సూది మొనతో ఒక్కో కుట్టు లేపి, చిన్న కత్తెరతో దారం తుంచి, చేత్తో లాగాలి. రెండు ఆదివారాలు పోయాయి. మీ చేతుల్లో తిరుగుతున్నది అట్లా విప్పిన మూడింటిలో ఒకటి. అంచు దగ్గర జాగ్రత్తగా చూస్తే పాత కుట్టు రంధ్రాలు కనిపిస్తాయి.

పేర్ల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో రెడ్ క్రాస్ కోసం ఆడవాళ్ళు బొంతలు కుడుతూ, ఒక్కో పేరు కుట్టడానికి ఇంత అని డబ్బు తీసుకునేవాళ్ళు. ఊరివాళ్ళ పేర్లన్నీ బొంత మీద ఉండేవి. తర్వాత ఆ బొంతను మళ్ళీ వేలం వేసేవాళ్ళు. ఎప్పుడో చదివింది గుర్తొచ్చి మావాళ్ళకు చెప్పాను. సగం ముక్కలు, అంటే 36, రంగు లేని సాదా గుడ్డ. ఒక్కో ముక్క మీద ఒక పేరు. పేరుకు రెండు వందలు.

మొదట మా చుట్టాలే ఇస్తారనుకున్నాం. పాల మనిషి వచ్చి వాళ్ళ అమ్మ పేరు రాయమన్నాడు. కూరగాయలమ్మే అవ్వ తన పేరే రాయమంది. "బతికుండగా నా పేరు ఎవరు రాసినారమ్మా, రేషన్ కార్డులో తప్ప" అంది. చదువు రాదు ఆమెకు. కుట్టడం అయ్యాక పిలిచి చూపిస్తే, అక్షరాల మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా తడిమింది. ఇది ఏ అక్షరం, ఇది ఏ అక్షరం అని ఒక్కోటీ అడిగింది. ఇన్నేళ్ళు అక్షరాలు నేర్పాను గానీ, ఒకరు తన పేరును అంత నెమ్మదిగా చదువుకోవడం అంతకు ముందు నేను చూడలేదు.

చనిపోయిన వాళ్ళ పేర్లే ఎక్కువ వచ్చాయి. బొంతకూ పోయినవాళ్ళకూ ఏదో సంబంధం ఉంది. 1987 అక్టోబరులో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ళ పేర్లతో కుట్టిన ఒక పెద్ద బొంతను మైదానంలో పరిచారు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న గుడ్డలు 1,920. ఒక్కోటి ఒక సమాధి అంత. ఆ జబ్బు పేరు చెప్పడానికే జనం భయపడే రోజుల్లో అయినవాళ్ళు, స్నేహితులు కూర్చుని కుట్టారు. మన దగ్గర క్యాన్సర్ అన్న మాట ఇప్పటికీ గొంతు తగ్గించే అంటాం. ఆడవాళ్ళకు రొమ్ములో వస్తే ఇక చెప్పనక్కరలేదు. మా స్నేహితురాలు తన పేరు ఇచ్చి, పక్కన తనకు జబ్బు తెలిసిన తేదీ కూడా కుట్టమంది. కుట్టాం.

ఇక వెల.

బొంత పూర్తయింది. ఎంతకు పోతుందో తెలుసుకుందామని ఒక దుకాణంలో చూపించాం. దుకాణదారు తిప్పి చూసి, "బాగుందమ్మా, కానీ పాత చీరలే కదా. ఎనిమిది వందలకు అడిగి చూడండి" అన్నాడు. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే, నేను తల ఊపాను. పుణ్యానికి చేసిన పనికి అంత బేరం ఏమిటి, వచ్చింది చాలు అనుకున్నాను.

మాలో బ్యాంకులో పనిచేసి రిటైరైన చెల్లెలు ఉంది. ఆమె ఊరుకోలేదు. ఇంటికి వచ్చి కాగితం, పెన్ను తీసుకుంది. కుట్టు వరసకూ వరసకూ మధ్య అర అంగుళం. 80 అంగుళాల వెడల్పులో 160 వరసలు. వరస 90 అంగుళాలు. మొత్తం 14,400 అంగుళాలు, అంటే 1,200 అడుగుల కుట్టు. అంగుళానికి నాలుగు కుట్లు చొప్పున యాభై ఏడు వేల పైచిలుకు కుట్లు. ఒక వరసకు అరగంట పట్టేది. అదే ఎనభై గంటలు. ముక్కలు కలపడానికి, పేర్లు కుట్టడానికి, విప్పి మళ్ళీ కుట్టడానికి అన్నీ కలిపితే 130 గంటలు దాటింది. రోజుకు ఎనిమిది గంటలు లెక్కేసినా పదహారు రోజుల పని. ఉపాధి హామీ కూలి రోజుకు సుమారు 300 వేసుకున్నా 4,800. "మట్టి తవ్వే కూలి కూడా మనం అడగమా అక్కా?" అంది.

నాకు ఆ ప్రశ్న గుచ్చుకుంది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి బొంతలు కుట్టే ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. రోజంతా వంగి కుట్టినామెకు మనం ఏమిచ్చాం? ఇంత సద్ద, ఇంత సంగటి, ఒక పాత చీర. అడిగితే "సూదీ దారమే కదా" అన్నాం. ఇప్పుడు ఆ మాటే మాకు ఎదురొచ్చింది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టారు. మగ్గం మీద కూర్చున్న మనిషి ఒక్కడే బేరం ఆడలేడు, పదిమంది కలిస్తే ఆడగలడు. మన జిల్లాలోనే ఉంది ఆ పాఠం. సూది పట్టిన ఆడవాళ్ళ దాకా అది రాలేదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి కట్టుకున్న పాత బట్టలతో బొంతలు కుట్టేవాళ్ళు. ఆ బొంతలు మ్యూజియాల గోడలకెక్కాయి, 2006లో తపాలా బిళ్ళల మీదకు కూడా ఎక్కాయి. అవీ పాత బట్టలే.

వినాయక చవితి వచ్చింది. లడ్డూ వేలం మనకు కొత్త కాదు. హైదరాబాద్ బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం ఎక్కడిదాకా పోయిందో ఏటా వింటూనే ఉన్నాం. మా కాలనీ మండపంలోనూ ఏటా వేస్తారు. నిమజ్జనం రోజు లడ్డూతో పాటు బొంతకు కూడా వేలం పెట్టమని కుర్రాళ్ళను అడిగాం. ఐదు వేలతో మొదలుపెట్టమన్నాం. "పెద్దమ్మా, ఐదు వేలంటే ఎవరూ నోరు తెరవరు" అన్నాడు ఒకబ్బాయి. తెరవకపోతే మళ్ళీ మేమే తీసుకుపోతాం గానీ, తగ్గించేది లేదన్నాం. అది చెప్పేటప్పుడు నా గుండె దడదడలాడింది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

వేలానికి ముందు మైకు తీసుకుని 36 పేర్లూ చదివాను. ఈ డబ్బు ఎందుకో చెప్పాను. కుట్టడానికి ఎన్ని గంటలు పట్టిందో చెప్పాను. నలుగురు పిల్లలు నాలుగు కొసలు పట్టుకుని బొంతను ఎత్తి నిలబడ్డారు. లైటు వెనకనుంచి పడి, పొరల్లోంచి కుట్లు కనిపించాయి.

ఐదు వేలకు ఒక చెయ్యి లేచింది. తర్వాత ఆరు. ఎనిమిది. నర్సులు ఐదారు మంది కలిసి పాడుతున్నారని కాసేపటికి తెలిసింది. వాళ్ళకు పోటీగా ఉల్లిగడ్డల వ్యాపారం చేసే ఒకాయన. నర్సులు 17,500 దాకా వచ్చి ఆగారు. ఆయనకు పద్దెనిమిది వేలకు వెళ్ళింది. బొంత అందుకుంటూ ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఉతకొచ్చా అమ్మా?" అని అడిగాడు. ఉతకండి, కప్పుకోండి, బీరువాలో మాత్రం పెట్టకండి అని చెప్పాను.

వేలంలో 18,000. పేర్లకు 7,200. మొత్తం 25,200. దారం, సూదులు, అడుగు గుడ్డ ఖర్చు 1,100 పోను 24,100 మిగిలింది. ఆసుపత్రికి నడిచి పోయేంత దూరంలో నెలకు 4,500 అద్దెకు ఒక గది తీసుకున్నాం. ఐదు నెలలకు 22,500. మిగిలిన 1,600తో ఒక పొయ్యి, రెండు చాపలు, గిన్నెలు. ఆ ఐదు నెలల్లో ఆరుగురు ఆడవాళ్ళు, వాళ్ళ తోడుగా వచ్చినవాళ్ళు అక్కడ ఉండి రేడియేషన్ పూర్తి చేసుకున్నారు. ఒక్కరు కూడా నడుమ మానలేదు. ఐదో నెల చివర ఇంటాయన వచ్చి, ఇంకో రెండు నెలలు అద్దె వద్దన్నాడు. నర్సమ్మలు ఇప్పుడు ఎవరికి అవసరమో మాకు ఫోన్ చేసి చెప్తున్నారు.

అక్కడ ఎవరో చెయ్యెత్తారు. అడుగమ్మా.

(సభలో ఒకరు: మిషన్ మీద కుడితే రెండు రోజుల్లో అయిపోతుంది కదా మేడం?)

అవుతుంది. పదిమందికి దుప్పట్లు పంచాలనుకుంటే మిషన్ మీదే కుట్టండి, లేకపోతే కొని ఇవ్వండి. చలికి వణికేవాళ్ళు మన చేతి కుట్టు కోసం ఆగలేరు. డబ్బు కూడబెట్టాలంటే మాత్రం చేతి పనే నిలబడుతుంది. మిషన్ బొంత బజారులో దొరుకుతుంది కాబట్టి బజారు ధరే పలుకుతుంది. ఇంకొకటి. మిషన్ దగ్గర ఒకరే కూర్చోగలరు. బొంత చుట్టూ తొమ్మిది మంది కూర్చోవచ్చు. కుట్టేటప్పుడు కళ్ళు గుడ్డ మీద ఉంటాయి, ఎవరూ ఎవరి ముఖం చూడరు. అందుకే ఇంకెక్కడా అనలేని మాటలు అక్కడ వస్తాయి. జుట్టు రాలినప్పుడు ఎట్లా అనిపించిందో, రాత్రిళ్ళు ఎందుకు నిద్ర పట్టదో మా స్నేహితురాలు మాకు చెప్పింది ఆ ఆదివారాల్లోనే. అంతకు ముందు ఆరు నెలలు రోజూ ఆమె ఇంటికి పోయినా చెప్పలేదు. మేం ఓదార్చలేదు. ఆపా మాత్రం "ఊఁ" అంటూ సూది తోస్తూనే ఉంది. తర్వాత బొరుగులు, పప్పుల పొడి, టీ. మళ్ళీ ఇంకో వరస.

ఇప్పుడు రెండో బొంత సగం అయ్యింది. అదిగో, ఆ బల్ల మీద మడిచి ఉంది. సభ అయ్యాక విప్పి పరుస్తాం. సూదులు, దారం, అంగుస్తాన్‌లు అక్కడే డబ్బాలో ఉన్నాయి. కూర్చోగలిగినవాళ్ళు తలా ఒక వరస కుట్టిపోండి. కుట్టు వంకరైనా ఫరవాలేదు, వదులు మాత్రం వద్దు. పేర్లకు ఇంకా పదకొండు ముక్కలు ఖాళీగా ఉన్నాయి. మూడో బొంతకు చీరలు ఇచ్చేవాళ్ళు వచ్చే ఆదివారం మా ఇంటికి తీసుకురండి. నూలువే, ఉతికి ఆరేసి తెండి. ఎర్రవి ఉంటే విడిగా, ఇంకో సంచిలో.